అద్దాల బీరువాలోని టామ్‌క్యాట్ వారికి

మహారాజశ్రీ ఎఫ్-14 టామ్‌క్యాట్ యుద్ధవిమానపు బొమ్మ వారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. తమ క్షేమం రోజుకు మూడుసార్లు బీరువా ముందు నిలబడి నేనే చూసుకుంటున్నాను కనుక ఆ సంగతి విడిగా అడగడం లేదు.

1970 డిసెంబరులో తొలిసారి గాలిలోకి లేచింది మొదలు 2006 సెప్టెంబరులో అమెరికా నౌకాదళంలో కొలువు విరమించే దాకా, విమానాలను విసిరే ఆవిరి యంత్రం, అంటే క్యాటపుల్ట్, విమానవాహక ఓడ అంచు నుంచి వడిసెల రాయిలా విసిరితే సముద్రం మీదికి దూకడం, తిరిగివచ్చి తోక కింది కొక్కేన్ని డెక్కు మీది తీగకు తగిలించి ఆగడం తమ పెద్దలకు నిత్యకృత్యం. అదే వంశంలో 72వ వంతు కొలతతో, జానెడుకు కాస్త మించిన లోహదేహంతో పుట్టిన తమరికి మాత్రం సీలింగు ఫ్యాను గాలి పడదు, కిటికీ ఎండ పడదు, నా వేలిముద్ర అసలే పడదు.

అసలు విమానానికి వేగాన్ని బట్టి కంప్యూటరే రెక్కలను 20 డిగ్రీల నుంచి 68 దాకా వెనక్కి మడిచేది. ఓడ మీద ఇరుకులో నిలిపేటప్పుడు 75 దాకా ముడిచేవారు. తమ రెక్కలూ కదులుతాయన్న ఒక్క మాటకే నేను అదనంగా డబ్బు పోశాను. కొన్న రోజున ఒకసారి కదిపితే కిర్రుమంది. రంగు గీసుకుపోతుందన్న భయంతో మళ్లీ వాటి జోలికి పోలేదు.

తమ తోక మీది పుర్రె, ఎముకలు అమెరికా నౌకాదళంలోని జాలీ రోజర్స్ అనే విమానదళం చిహ్నమని మా అమ్మకు ఎంత చెప్పినా ఆమె తృప్తి పడలేదు. ప్రతి శుక్రవారం దీపం పెట్టే ముందు తమ తోకను గోడవైపు తిప్పుతుంది. దీపం కొండెక్కాక నేను మళ్లీ ఇటు తిప్పుతాను. (తమ ఖాళీ అట్టపెట్టె అటక మీద, ఇత్తడి బిందెలను దించి ఖాళీ చేసిన చోట, సుఖంగా ఉంది.)

1979 విప్లవానికి ముందు ఇరాన్ తమ పెద్దలను 79 మందిని తీసుకుపోయిందనీ, విడిభాగాలు అటు చేరతాయన్న భయంతో కొలువు విరమించిన విమానాలను అమెరికా ముక్కలుగా నరికించిందనీ చదివినప్పుడు, అదంతా దేశాల మధ్య గొడవ, మనకెందుకులే అనుకున్నాను. మొన్న దుమ్ము తుడుస్తుంటే తమ ముక్కు కొసనున్న సూది గుడ్డకు తట్టుకుని విరిగింది. అమ్మినవాణ్ణి అడిగితే విడిభాగాలు ఇవ్వరట, సూది కావాలంటే ఇంకో విమానం కొనాలట. అప్పటి నుంచి టెహ్రాన్‌లోని మెకానిక్కుల మీద నాకు సొంత అన్నదమ్ముల మీద ఉన్నంత అభిమానం కలుగుతోంది.

ఇక అసలు విషయం. రేపు ఆదివారం మా చెల్లెలి కొడుకు వస్తున్నాడు. పోయినసారి వాడు "ఇది ఎగరదా మావయ్యా?" అని అడిగి, ఎగరదంటే "మరెందుకు కొన్నావు?" అన్నాడు. ఐదేళ్లవాడికి సమాధానం చెప్పలేక బీరువా తాళంచెవి బియ్యం డబ్బాలో దాచాను. తమరు కూడా రేపు సాయంత్రం దాకా రెక్కలు 75 డిగ్రీలకు ముడుచుకుని నిఘంటువు వెనుక నక్కి ఉండవలసిందిగా ప్రార్థన. ముడుచుకోవడం మాత్రం తమరే చూసుకోవాలి, నాకు ధైర్యం చాలదు.

ఇట్లు,
తమ విధేయుడు, బిల్లు కట్టినవాడు