జట్టు సైన్యానిదా, సైనికులదా?

2020 అక్టోబరులో, కొత్త సీజన్ మొదలవుతున్న రోజుల్లో, చైనా బాస్కెట్‌బాల్ లీగు నుంచి బాయి రాకెట్స్ తప్పుకుంది. అది చైనా సైన్యం సొంత జట్టు. సైన్యం ఆవిర్భావ దినంగా జరుపుకొనే ఆగస్టు 1నే పేరుగా పెట్టుకుంది. 1995లో లీగు మొదలైన నాటి నుంచి వరసగా ఆరు టైటిళ్లు, మొత్తం మీద ఎనిమిది గెలిచింది. చివరిది 2007లో. ఆ తర్వాత క్రమంగా కిందికి జారి, పట్టిక అడుగున చేరి, సైనిక సంస్కరణల పేరుతో క్రీడా విభాగాలను కుదిస్తున్న సమయంలో ఆట చాలించుకుంది. దీన్ని ఒక గొప్ప జట్టు పతనంగా చెప్పుకోవడం తేలిక. నాకు మాత్రం ఒక పద్ధతికి కాలం చెల్లినట్టు కనిపిస్తుంది.

దేశంలో బాగా ఆడే కుర్రాళ్లను ఏరి, యూనిఫాం తొడిగి, సైన్యం పేరు మీద లీగులో దించడమే ఆ పద్ధతి. వాళ్లకు ర్యాంకు ఉంటుంది, జీతం ఉంటుంది, రికార్డుల్లో సర్వీసు నడుస్తూ ఉంటుంది. చేసే పని మాత్రం బాస్కెట్‌బాల్ ఆడడమే. ఆటగాడికి బయట ఇంతకంటే మంచి బతుకు దొరకనంత కాలం ఈ ఏర్పాటుకు తిరుగుండదు. బయట డబ్బు కనబడిన రోజు నుంచే చిక్కులు మొదలవుతాయి. చైనాలో జరిగింది అదే. మిగతా జట్లు అమెరికా ఆటగాళ్లను తెచ్చుకున్నాయి. స్టెఫాన్ మార్బరీ వచ్చాక బీజింగ్ జట్టు 2012, 2014, 2015లలో విజేత అయింది. బాయి ఒక్క విదేశీయుణ్ని కూడా తీసుకోలేదు. సైన్యం జట్టులో పరాయి దేశస్థుడు ఎలా ఉంటాడు?

ఉన్న సొంత ఆటగాళ్లతోనూ పేచీలు తప్పలేదు. ఏడడుగుల వాంగ్ జిజీని అమెరికా ప్రొఫెషనల్ లీగు ఎన్‌బీఏలోని డాలస్ జట్టు 1999లోనే ఎంపిక చేసుకుంది. అతణ్ని పంపడానికి పై అధికారులు ఒప్పుకొనేసరికి 2001 వచ్చింది. ఎన్‌బీఏలో ఆడిన తొలి చైనీయుడిగా అతడు పేరు తెచ్చుకున్నాడు. మరుసటి ఏడాది వేసవిలో జాతీయ శిబిరానికి రమ్మంటే రాకుండా అమెరికాలోనే ఉండిపోయాడు. మామూలు క్రీడాకారుడు ఆ పని చేస్తే సమాఖ్యతో గొడవ అంటారు. సైనికుడు పిలిచినా రాకపోతే దానికి సైనిక చట్టంలో వేరే పేరుంటుంది. జాతీయ జట్టు నుంచి తీసేశారు. 2006లో తిరిగొచ్చి, బహిరంగంగా క్షమాపణ చెప్పి, మళ్లీ బాయిలో చేరాడు. ఆ జట్టు చివరి టైటిలు అతడు వచ్చాకే దక్కింది. ఉద్యోగ ఒప్పందంలో తేలిపోవాల్సిన తగాదా దేశభక్తి పరీక్షగా మారడం ఈ పద్ధతిలోనే ఉన్న దోషం.

ఈ పద్ధతిని శిఖరానికి చేర్చింది సోవియట్ యూనియన్. యూరప్ క్లబ్ విజేతల పోటీ 1958లో మొదలైతే తొలి మూడు కప్పులూ రీగా నగరంలోని సైనిక క్లబ్బే ఎత్తుకుపోయింది. కోచ్ అలెగ్జాండర్ గొమెల్‌స్కీ. తర్వాతి కాలంలో ఆయన సైన్యంలో కర్నల్ హోదా వరకు ఎదిగారు. 1961 ఫైనల్లో రీగాను ఓడించి కప్పు పట్టుకుపోయింది మాస్కో సైనిక క్లబ్బు సీఎస్‌కేఏ. ఖండమంతటికీ జరిగిన పోటీలో చివరికి మిగిలినవి ఒకే సైన్యానికి చెందిన రెండు జట్లన్నమాట! నిర్బంధ సైనిక సేవ ఉన్న దేశంలో సైనిక క్లబ్బు ఆటగాళ్ల కోసం వెతుక్కోనక్కర్లేదు. ఈడు వచ్చిన మంచి ఆటగాడికి పిలుపు పంపితే చాలు. సీఎస్‌కేఏ అంటే మిగతా నగరాల క్లబ్బులకు ఒళ్లు మండడం అందుకే. అర్విదాస్ సబొనిస్ అండతో లిథువేనియా జట్టు జాల్గిరిస్ 1985 నుంచి 1987 వరకు వరసగా మూడుసార్లు ఆ సైనిక జట్టును వెనక్కి నెట్టి సోవియట్ టైటిలు గెలిచినప్పుడు దాని సొంత ఊరు కౌనస్ నగరం చేసుకున్న పండగలో ఆటకు మించినది చాలా ఉంది.

సోవియట్ యూనియన్ పోయినా సీఎస్‌కేఏ పోలేదు. 2006, 2008, 2016, 2019లలో మళ్లీ యూరప్ విజేత అయింది. అయితే దాని వెనక ఉన్నది నోరిల్స్క్ నికెల్ అనే గనుల కంపెనీ డబ్బు. కోర్టులో దిగినవారిలో అమెరికన్లూ ఉన్నారు. సైన్యం పేరులో మాత్రమే మిగిలింది. అంటే పోటీ లీగులో నెగ్గుకు రావాలంటే సైన్యం జట్టు సైన్యం జట్టుగా ఉండడం మానుకోవాలి. మానుకోకపోతే బాయి దారే.

దక్షిణ కొరియా సంగతి వేరు కదా అని అడగవచ్చు. 1984లో ఏర్పాటైన అక్కడి సైనిక క్రీడా దళం సాంగ్ము ఇప్పటికీ ఆరోగ్యంగా ఉంది. కారణం, అది టైటిళ్ల కోసం పుట్టలేదు. ప్రతి యువకుడూ ఏడాదిన్నర చొప్పున సైన్యంలో పనిచేయాల్సిన దేశంలో, ఆ కాలంలో క్రీడాకారుడి ఆట తుప్పు పట్టకుండా కాపాడడమే దాని పని. బాస్కెట్‌బాల్‌లో ఆ జట్టు ఆడేది ప్రధాన లీగులో కాదు, రిజర్వు ఆటగాళ్ల లీగులో. గడువు తీరగానే ఎవరి క్లబ్బుకు వాళ్లు వెళ్లిపోతారు. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల ఫైనల్లో కొరియా 79-77తో ఇరాన్‌ను ఓడించినప్పుడు ఆ జట్టులోని ఓ సెగున్ అనే ఆటగాడు సాంగ్ములో సైనికుడే. ఆసియా స్వర్ణం గెలిస్తే సైనిక సేవ నుంచి మినహాయింపు ఉండడంతో ముందుగానే విడుదలయ్యాడు. రెండు పాయింట్ల తేడా అతడికి ఏడాదికి పైగా కాలాన్ని తిరిగిచ్చింది. ఈ ఏర్పాటులో నాకు నచ్చేది దాపరికం లేకపోవడం. సైన్యం ఏమిస్తుందో, ఏం తీసుకుంటుందో ఆటగాడికి ముందే తెలుసు.

ఇంతవరకు చెప్పుకున్నది సైన్యం బాస్కెట్‌బాల్. సైనికుల బాస్కెట్‌బాల్ దీనికి పూర్తిగా భిన్నమైనది. రక్షణ దళాలు డబ్బూ దృష్టీ పెట్టాల్సింది అక్కడ.

28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు ఉన్న చదును నేల, 3.05 మీటర్ల ఎత్తున రెండు రింగులు, ఒక బంతి. ఫుట్‌బాల్‌కు, హాకీకి కావాల్సినంత మైదానం దొరకని చోట కూడా ఈ ఆట సాగుతుంది. విమాన వాహక నౌక హ్యాంగర్‌లో ఒక మూల సగం కోర్టు గీసుకున్నా సరిపోతుంది. 1891లో ఈ ఆటను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ స్వయంగా మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో వైఎంసీఏ తరఫున ఫ్రాన్స్‌లోని అమెరికా సైనికుల మధ్య పనిచేశారు. యుద్ధం ముగిశాక 1919లో పారిస్ దగ్గర పెర్షింగ్ స్టేడియంలో మిత్రదేశాల సైనికులకు పెట్టిన పోటీల్లో బాస్కెట్‌బాల్ కూడా ఉంది. ఇటలీ, ఫ్రాన్స్‌లను అమెరికా సైనికులు చిత్తుగా ఓడించారు. అయినా ఆ ఓటమే ఆయా దేశాల్లో ఆటకు విత్తనమైంది.

సైన్యానికి ఈ ఆట పనికొచ్చేది శరీర దారుఢ్యం కోసమే అనుకుంటే సగమే అర్థమైనట్టు. యూనిట్ జట్టులో బంతిని నడిపించే గార్డు ఒక లాన్స్ నాయక్, రింగు కింద చెయ్యెత్తి నిలబడింది ఒక మేజర్ అనుకుందాం. మేజర్‌ను ఇద్దరు చుట్టుముట్టారు. మూలన ఒక సిపాయి ఖాళీగా ఉన్నాడు. బంతి ఎటు పోవాలి? ర్యాంకు చూసి మేజర్‌కే ఇస్తే ఆ జట్టు ఓడుతుంది. అయిదుగురే ఉండే ఆటలో ఇలాంటి తప్పు దాచుకోవడానికి చోటు ఉండదు. కింది ర్యాంకువాడు పైవాడి పేరు పెట్టి అరిచి ‘వెనక చూడు’ అని చెప్పగలిగే సందర్భాలు సైనిక జీవితంలో అరుదు. ఇక్కడ ప్రతి అర నిమిషానికీ అవసరం పడుతుంది. విజిల్ ఊదే రిఫరీ హవల్దార్ అయితే, నాలుగు ఫౌళ్లు చేసిన అధికారి నోరు మూసుకుని ఉండడం కూడా ఒక శిక్షణే.

అమెరికాలో ఈ సైనికుల ఆటకు ఒక వ్యవస్థ ఉంది. ఆటగాడు దరఖాస్తు చేసుకోవాలి, కమాండరు వదలాలి. కొద్ది వారాల ఎంపిక శిబిరం తర్వాత ఆర్మీ, నేవీ, వైమానిక దళం, మెరైన్ జట్లు తలపడతాయి. వాటి నుంచి అంతర్జాతీయ సైనిక పోటీలకు ఉమ్మడి జట్టును ఎంచుతారు. ఆ పోటీలు నిర్వహించే అంతర్జాతీయ సైనిక క్రీడా మండలి 1948లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో పుట్టింది. దాని ప్రపంచ సైనిక క్రీడలకు 2007లో హైదరాబాద్ కూడా వేదికైంది. టోర్నీ అయిపోగానే మెకానిక్ తన వర్క్‌షాపుకు, వైద్య సహాయకురాలు తన వార్డుకు వెళ్లిపోతారు. మహిళల జట్లకూ ఇదే వ్యవస్థ.

కెమెరాలకు మాత్రం ఇవి ఆనవు. 2011 నవంబరు 11న శాన్ డియాగోలో కార్ల్ విన్సన్ అనే విమాన వాహక నౌక డెక్ మీద కోర్టు వేసి, దేశాధ్యక్షుడు ఒబామా చూస్తుండగా రెండు విశ్వవిద్యాలయాల మధ్య మ్యాచ్ ఆడించారు. నావికులు ప్రేక్షకులు! మరుసటి ఏడాది అదే మోజుతో ఇంకొన్ని మ్యాచ్‌లు పెడితే సముద్రపు తేమకు కోర్టు జారుడుబండ అయిపోయి, ఒకటి సగంలో ఆగింది, మరొకటి మొదలే కాలేదు. నావికుణ్ని అడిగి ఉంటే డెక్ మీద రాత్రి మంచు సంగతి ఉచితంగా చెప్పేవాడు.

సర్వీసుకూ ఆటకూ మధ్య కాలం దగ్గర తగవు ఎప్పుడూ ఉంటుంది. 1961-62 సీజన్‌లో ఎల్జిన్ బేలర్ రిజర్వు సైనికుడిగా ఫోర్ట్ లూయిస్ సైనిక స్థావరంలో విధుల్లో ఉన్నాడు. వారాంతపు సెలవు చీటీ దొరికినప్పుడు వెళ్లి ఎన్‌బీఏ జట్టు లేకర్స్‌కు ఆడేవాడు. 48 మ్యాచ్‌లే ఆడి సగటున 38.3 పాయింట్లు చేశాడు. ఆ ఏప్రిల్‌లో బోస్టన్‌పై ఒక ఫైనల్ మ్యాచ్‌లో చేసిన 61 పాయింట్లు నేటికీ ఫైనల్స్ రికార్డే. డేవిడ్ రాబిన్సన్ నేవీ అకాడమీలో చేరాక ఎదిగి ఎదిగి ఏడడుగులు దాటాడు. అంత పొడవు మనిషి ఓడల్లో ఇమడడు గనుక అయిదేళ్ల సర్వీసును నేవీ రెండేళ్లకు తగ్గించింది. 1987లో అతణ్ని ఎంపిక చేసుకున్న శాన్ ఆంటోనియో జట్టు 1989 దాకా కాచుకుని కూర్చుంది. సైన్యం తన మాట నిలబెట్టుకుంది, ఆటగాడూ నిలబెట్టుకున్నాడు.

సైనికుల ఆట నుంచి వచ్చే అసలు పంట ఆటగాళ్లు కారని నా అభిప్రాయం. మైక్ షెషెవ్‌స్కీ 1969లో వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ నుంచి బయటికొచ్చి అయిదేళ్లు అధికారిగా ఉన్నారు. ఆ కాలంలోనే సైనిక జట్లకు కోచింగ్ మొదలుపెట్టారు. గ్రెగ్ పొపోవిచ్ 1970లో వైమానిక దళ అకాడమీ నుంచి వచ్చి, అమెరికా సాయుధ దళాల జట్టుతో తూర్పు యూరప్, సోవియట్ యూనియన్ తిరిగారు. 2008, 2012, 2016 ఒలింపిక్ స్వర్ణాలు మొదటి ఆయన కోచింగ్‌లో, టోక్యో స్వర్ణం రెండో ఆయన కోచింగ్‌లో వచ్చాయి. వరసగా నాలుగు ఒలింపిక్స్! ఇద్దరూ ఆటగాళ్లుగా ఎన్‌బీఏ మెట్టు ఎక్కలేదు. వాళ్లకు దొరికిందల్లా పరిమిత వనరులతో, కొద్ది వారాల్లో, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన మనుషులతో జట్టు కట్టే అలవాటు.

భారత్‌లో ఒకప్పుడు జాతీయ పురుషుల టైటిలు మీద త్రివిధ దళాల ఉమ్మడి జట్టయిన సర్వీసెస్‌దే పెత్తనం. తర్వాత రైల్వేస్ ఆ చోటు ఆక్రమించింది. ఇందులో వింతేమీ లేదు. అంతే ఉద్యోగ భద్రత యూనిఫాం లేకుండా, సరిహద్దు పోస్టింగులు లేకుండా దొరుకుతుంటే ఆరున్నర అడుగుల కుర్రాడు ఎటు వెళతాడు? మన సైన్యం కూడా తెలివిగానే లెక్క వేసుకుంది. 2001లో మొదలైన మిషన్ ఒలింపిక్స్, పుణెలోని ఆర్మీ స్పోర్ట్స్ ఇన్‌స్టిట్యూట్ బాక్సింగ్, విలువిద్య, కుస్తీ, అథ్లెటిక్స్ వంటి వ్యక్తిగత క్రీడల మీద దృష్టి పెట్టాయి. 2016లో నాయిబ్ సుబేదార్‌గా చేరిన నీరజ్ చోప్రా ఒక్కడు తెచ్చే పతకానికి బాస్కెట్‌బాల్‌లో పన్నెండు మంది కావాలి. పైగా ఆసియాలోనే ముందు వరసకు చేరడం కష్టం. పతకాల దృష్టితో చూస్తే బాస్కెట్‌బాల్ నష్టపు బేరమే, ఒప్పుకుంటాను. అందుకే దాన్ని ఆ దృష్టితో చూడకూడదంటున్నాను. హవల్దార్, నాయిబ్ సుబేదార్ స్థాయిలో నేరుగా క్రీడాకారులను చేర్చుకునే సదుపాయం ఉండనివ్వండి. కానీ రెజిమెంటు జట్టులో స్థానాలన్నీ వాళ్లతోనే నిండిపోతే డ్రైవరూ, సిగ్నల్‌మనూ గట్టు మీద కూర్చుని చప్పట్లు కొట్టడానికే మిగులుతారు. యూనిట్ల మధ్య పోటీల్లో ఒక్కో జట్టుకు ఇంతమందే క్రీడా కోటావాళ్లు అని పరిమితి పెడితే ఈ జబ్బు చాలావరకు కుదురుతుంది.

ఇక గాయాలు. కమాండింగ్ అధికారి ఆటగాణ్ని వదలడానికి వెనకాడేది ఎక్కువగా వీటికి భయపడే. ఆ భయం అర్థం లేనిది కాదు. ఎగిరి దిగేటప్పుడు పక్కవాడి పాదం మీద కాలు పడితే చీలమండ బెణుకుతుంది, ఆ మనిషి వారాల తరబడి కవాతుకు పనికిరాడు. దీనికి జవాబు కూడా ఒక సైనిక అకాడమీ నుంచే వచ్చింది. వెస్ట్ పాయింట్‌లో అంతర్గత బాస్కెట్‌బాల్ ఆడే 1,601 మంది క్యాడెట్లను రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకు గట్టి చీలమండ పట్టీలు తొడిగి, రెండేళ్లపాటు గమనించారు. 1994లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం పట్టీలు వేసుకున్నవారిలో చీలమండ గాయాలు స్పష్టంగా తగ్గాయి. జవాను నెల రోజులు తేలికపాటి విధుల్లో కూర్చుంటే యూనిట్‌కు పడే భారం ముందు ఒక జత పట్టీల ధర లెక్కలోకి రాదు. అవి కొనడానికి ఢిల్లీ నుంచి ఏ పథకమూ రానక్కర్లేదు, యూనిట్ క్రీడా నిధి సరిపోతుంది.