పసిబిడ్డ తల్లికి ఒక గది, ఒక కుర్చీ

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం ఉగాది వేడుకల్లో జరిగిన సంగతి చాలామందికి ఈపాటికే చేరి ఉంటుంది. పంచాంగ శ్రవణం అయ్యి పిల్లల కూచిపూడి మొదలైంది. నెలల బిడ్డతో వచ్చిన ఒక అమ్మాయి చివరి వరసలో కూర్చుని, చున్నీ కప్పుకుని పాలిస్తోంది. మన వాలంటీర్ ఒకావిడ వచ్చి, "లైవ్ వెళ్తోందమ్మా, కెమెరాలో పడుతుంది, కాస్త బాత్‌రూమ్‌లోకి వెళ్లి ఇవ్వరాదూ" అంది. ఆ అమ్మాయి ఎదురు మాట్లాడలేదు. డయాపర్ బ్యాగు భుజాన వేసుకుని, బిడ్డనెత్తుకుని పార్కింగ్‌లోకి వెళ్లిపోయింది. భర్త భోజనాల లైన్లోంచి బయటికొచ్చి ఆమె కోసం వెతుక్కున్నాడు. ఇద్దరూ భోంచెయ్యకుండానే ఇంటికెళ్లారు.

మనం తినే చోటు కాదు బాత్‌రూమ్. పండగపూట వచ్చిన పసిబిడ్డని అక్కడ తాగమన్నాం. మనముండే టెక్సాస్‌లో తల్లికి ఉండే హక్కున్న ఏ చోటైనా బిడ్డకి పాలివ్వచ్చని 1995 నుంచీ చట్టం ఉంది. 2018లో ఐడహో, యూటా కూడా చేరాక 50 రాష్ట్రాల్లోనూ బయట పాలిచ్చే తల్లికి చట్టం అండ దొరికింది. చెప్పిన ఆవిడ చెడ్డది కాదు, నాకు బాగా తెలిసినావిడే. లైవ్ టెన్షన్‌లో అనేసింది. కానీ ఆ మాట విని చుట్టుపక్కల ఒక్కరం కూడా "ఉండనివ్వండి" అనలేదు. నాకు నొప్పి కలిగింది అక్కడ.

సీమంతాలంటే మన లేడీస్ కమిటీకి ఎంత ముచ్చటో అందరికీ తెలుసు. గాజులు, చలిమిడి, పసుపు కుంకుమ, వరసలో నిలబడి ఫోటోలు. బిడ్డ పుట్టాక బారసాల వరకూ ఆ తల్లి గడప తొక్కేవాళ్లు తక్కువ. అసలు కష్టమంతా ఆ మధ్యలోనే. ఇక్కడ 1996 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం మామూలు కాన్పుకి 48 గంటలు, సిజేరియన్‌కి 96 గంటల ఆసుపత్రి బసను ఇన్సూరెన్స్ ఒప్పుకోవాలి. పాలు నిండుగా పడేది రెండో రోజు నుంచి ఐదో రోజు మధ్యలో. అంటే చాలామంది తల్లులు పాలు పడకముందే ఇంటికొచ్చేస్తారు. నర్సు ఉండదు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మో అత్తగారో ఉంటారు. బిడ్డ ఏడుస్తాడు. "దీనికి పాలు పడలేదు" అని ఇంట్లో ఒకరంటారు. ఇండియా నుంచి వీడియో కాల్లో ఇంకో నలుగురంటారు. ఆ మాట రోజుకి పదిసార్లు వింటే ఏ ఆడపిల్లకి ధైర్యం మిగులుతుంది?

నా పెద్దవాడు పుట్టినప్పుడు అమ్మ ప్రయాణం కుదరలేదు. మా అపార్ట్‌మెంట్స్‌లో కూతురి దగ్గరికి వచ్చిన ఒక కాకినాడ పిన్నిగారు ఉండేవారు. వెల్లుల్లి కారం, ములగాకు పప్పు, చారు స్టీలు క్యారియర్లో పెట్టుకుని, మంచులో మెట్లు దిగి మా ఇంటికి వచ్చేవారు. "సొరపిట్టు పెడదామంటే ఇక్కడ మన సొరచేప దొరకదమ్మా" అని బాధపడేవారు. అప్పటికి నా చనుమొనలు పగిలి రక్తం వస్తోంది. బాబుని దగ్గరికి తీసుకోవాలంటేనే వణుకు. ఆవిడ ఒక్క క్షణం చూసి, "చివర్న పట్టుకున్నాడే పిల్లా, అదీ నొప్పి" అన్నారు. తన చిటికెన వేలు వాడి నోటి మూలకి పోనిచ్చి పట్టు విడిపించారు. నా వెనక దిండు, ఒళ్లో ఇంకో దిండు పెట్టారు. వాడి తల ఒక్కటే నావైపు తిప్పకుండా ఒళ్లంతా తిప్పి, వాడి పొట్ట నా పొట్టకి ఆనించారు. ముక్కు చనుమొనకి ఎదురుగా వచ్చేలా పెట్టి, వాడు ఆవలించినట్టు నోరు పెద్దగా తెరిచేదాకా ఆగారు. తెరిచీ తెరవగానే గబుక్కున దగ్గరికి తెచ్చారు. "నువ్వు వాడి మీదికి వంగకు. వాణ్ణే నీ దగ్గరికి తెచ్చుకో." గడ్డం రొమ్ముకి ఆనింది. చనుమొనే కాదు, దాని చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు వాడి నోట్లోకి వెళ్లింది. కాసేపటికి నొప్పి తగ్గి, వాడు గుటక వేస్తున్న చప్పుడు వినిపించింది. తర్వాత నేను కలిసిన లాక్టేషన్ కన్సల్టెంట్ (తల్లులకి పాలివ్వడం నేర్పే నిపుణురాలు) నేర్పింది కూడా ఇదే.

ఆ పిన్నిగారే బాబు నాలుక మీద తేనె రాస్తానన్నారు. బాలింత నీళ్లెక్కువ తాగితే ఒళ్లు నీరుపడుతుందని గ్లాసు పక్కన పెట్టేశారు. మన పెద్దవాళ్ల చేతిలో మేలు చేసేవీ, కీడు చేసేవీ రెండూ కలిసే ఉంటాయి. కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను. తేనె ఏడాది నిండేదాకా నాకించకూడదు. దాంట్లో ఉండే బాక్టీరియా వల్ల పసిపిల్లలకి బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. ఆరు నెలల దాకా మంచినీళ్లు, వాము నీళ్లు, ఉగ్గు ఏదీ అక్కర్లేదు. డాక్టర్ చెప్పే విటమిన్ డి చుక్కలు మాత్రం రోజూ 400 యూనిట్లు వెయ్యాలి. తల్లి దాహమైనంత నీళ్లు తాగాలి. సొరచేపలో పాదరసం ఎక్కువని పాలిచ్చే తల్లుల్ని ఇక్కడ వద్దంటారు, దాని బదులు సాల్మన్ తినచ్చు. వెల్లుల్లి, ములగాకు, నువ్వులు, బెల్లం హాయిగా పెట్టండి. అయితే పాలు పెరగడానికి అసలు దారి బిడ్డ తాగడమే. ఎంత ఖాళీ అయితే అంత ఊరతాయి.

ముర్రుపాలు పసుపుపచ్చగా, చిక్కగా, చెంచాల్లోనే వస్తాయి. అవి చూసి పాలు లేవనుకుంటారు. ఆవు ఈనితే జున్నుపాల కోసం ఊరంతా తిరిగేవాళ్లం, కన్నతల్లి మొదటి పాలు మాత్రం పిండి పారబోయించిన ఇళ్లు మనలో ఎన్నో. పుట్టిన బిడ్డ పొట్టకి ఆ చెంచాడే చాలు. రోగాల నుంచి కాపాడే గుణం వాటిలో దండిగా ఉంటుంది. పుట్టిన గంటలోపే మొదలుపెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది.

పాలు చాలుతున్నాయో లేదో ఏడుపుని బట్టి తేల్చకండి. సాయంత్రాలు గంటల తరబడి తాగుతూనే ఉండటం తొలి వారాల్లో మామూలే. రోజుకి 8 నుంచి 12 సార్లు తాగాలి. ఐదో రోజు తర్వాత 24 గంటల్లో 6 తడి డయాపర్లు, మూడు నాలుగు పసుపుపచ్చటి విరేచనాలు అయితే కంగారు లేదు. మొదట్లో కాస్త బరువు తగ్గి, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకి వస్తారు. నూటికి పది వంతుల దాకా తగ్గినా, తాగకుండా మగతగా పడుకున్నా, కళ్లు పచ్చబడుతున్నా ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. అక్కడ ఫార్ములా ఇమ్మంటే ఇవ్వండి. థైరాయిడ్ వల్లో, కాన్పులో రక్తం బాగా పోవడం వల్లో నిజంగానే పాలు తగ్గే తల్లులున్నారు. డబ్బా పాలు పట్టిన తల్లిని చిన్నచూపు చూడటం కూడా తప్పే.

రొమ్ము గడ్డకట్టి ఎర్రబడితే వేడి కాపడం పెట్టి గట్టిగా పిండమనేవాళ్లం మనం. 2022లో వచ్చిన వైద్య మార్గదర్శకాలు దీన్ని వద్దన్నాయి. చల్లటి కాపడం పెట్టాలి, మెత్తగా తాకాలి, పాలు తీసే పంపుతో అదేపనిగా పంపు చెయ్యకూడదు, జ్వరం తగ్గకపోతే డాక్టర్‌కి చూపించాలి. పంపు చాలా ఇన్సూరెన్స్‌లు ఉచితంగా ఇస్తాయి, అడగండి. ఆఫీసుకి తిరిగి వెళ్లే తల్లులకి పంపు చేసుకునే విరామం, బాత్‌రూమ్ కాని చోటు ఇవ్వాలనే 2022 డిసెంబరు చట్టం చాలా ఉద్యోగాలకి వర్తిస్తుంది. తీసిన పాలు బయట 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు ఉంటాయి. అమ్మమ్మలూ, నానమ్మలూ, మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టకండి, ఒక్కోచోట మరిగిపోయి బిడ్డ నోరు కాలుతుంది. గోరువెచ్చటి నీళ్లలో సీసా ఉంచితే చాలు.

పెద్దవాళ్లని ఒకటే వేడుకుంటున్నాను. అంత దూరం నుంచి మోకాళ్ల నొప్పులతో విమానమెక్కి వచ్చి, మీరు చేసే సేవ ఈ దేశంలో డబ్బిచ్చినా దొరకదు. బిడ్డకి నూనె రాయండి, తల్లికి వేడన్నం పెట్టండి, మధ్యాహ్నం తనని గంటసేపు పడుకోనివ్వండి. "పాలు పడలేదు" అనే మాట మటుకు ఆ గదిలో అనకండి. భయం, నొప్పి ఎక్కువైతే ఉన్న పాలు కూడా వెంటనే చేపుకి రావు. కోడలు రోజులతరబడి ఏడుస్తూ, బిడ్డ నిద్రపోయినా నిద్రపట్టక కూర్చుంటే, దిష్టి తియ్యండి, కాదనను. కానీ డాక్టర్‌కి కూడా తప్పకుండా చెప్పండి.

ఇక కమిటీవారికి. బతుకమ్మకి స్కూలు హాలు బుక్ చేసేటప్పుడే ఒక క్లాస్‌రూమ్ కూడా అడగండి. లోపల గడియ పడాలి, పంపుకి ప్లగ్ పాయింట్ ఉండాలి, చేతులున్న కుర్చీలు, మంచినీళ్లు ఉండాలి. తల్లికి భోజనం ప్లేటు అక్కడికే పంపాలి. హాల్లో కూర్చునే పాలిస్తానంటే ఆమెని ఎవరూ లేపకూడదని వాలంటీర్ల వాట్సాప్ గ్రూపులో ముందే పెట్టండి. ఆ గది బాధ్యత నాకివ్వండి. మంచి కుర్చీలు మా ఇంట్లో ఉన్నాయి, ముందురోజు సాయంత్రమే తెచ్చి వేస్తాను.