సోమవారం రామ్మా

గత డిసెంబరులో విదేశం నుండి సెలవులకు గుంటూరు చేరిన మన అసోసియేషన్ సభ్యులం అరండల్‌పేటలో జరిపిన సెమీ క్రిస్మస్ (పండుగకు ముందు జరిపే వేడుక) ఫోటోలు మీరు చూసే ఉంటారు కనుక, వాటిలో లేని సంగతి ఒకటి రాస్తున్నాను.

1842లో లూథరన్ మిషనరీ హేయర్ గారు గుంటూరుకు వచ్చిన నాటినుండి 1898లో మిషనరీ డాక్టరు అన్నా కుగ్లర్ దొరసాని ఆసుపత్రి తెరిచిన వైనం వరకు వేదికమీద గర్వంగా చెప్పుకున్నాం. శాలువాలు కప్పుకున్నాం. బలులకంటె ఆజ్ఞను గైకొనుట శ్రేష్ఠమని సమూయేలు ప్రవక్త సౌలు రాజుతో అన్న మాటమీద నలభై నిమిషాల ప్రసంగం విన్నాం. ప్రసంగం నిజంగానే బాగుంది.

రాత్రి పదిన్నరకు షామియానా వెనుక, బిర్యానీ డేగిసాలు తోమిన ఇద్దరు స్త్రీలు తడిసిన కుచ్చెళ్ళతో కూలికోసం నిలబడి ఉన్నారు. ఖర్చుల డబ్బు నా సంచిలోనే ఉంది. అయినా వంటమేస్త్రీ లెక్క తేలలేదన్న సాకుతో, “సోమవారం రామ్మా, ట్రెజరర్ గారుంటారు” అన్నాను. వారిలో పెద్దామె గొడవపడలేదు. “నల్లపాడు పోవాలి బాబూ, ఈ వేళప్పుడు ఆటోవాడు రెండింతలు అడుగుతాడు” అని, చేతులు కొంగుకు తుడుచుకొని, “వందనాలు బాబూ” అని వెళ్ళిపోయింది. ఆ వందనాలు విన్నాకగాని ఆమె కూడా మన విశ్వాసురాలేనని నాకు తట్టలేదు.

పాతగుంటూరులో మా అమ్మమ్మ ఎసరు పెట్టినప్పుడల్లా దేవుని పేర పిడికెడు బియ్యం డాల్డా డబ్బాలో వేసేది. ఇక్కడ, ఈ పరదేశంలో పుట్టిన మన పిల్లలకు ఆ డబ్బా కథ ఎన్నిసార్లు చెప్పానో! మిరపకాయలకు తొడిమలు తీసిన ఆడకూలీలతో ఆమే “రేపు చూద్దాంలే” అనేదన్నది మాత్రం ఎన్నడూ చెప్పలేదు. ఆమెను తప్పుపట్టడానికి మనసు రాదు. సరుకు మిర్చి యార్డుకు వెళ్ళి అమ్ముడుపోతే తప్ప రూపాయి ఆడని ఇల్లది. నాకు ఆ ఇబ్బంది లేదు.

విరాళాల సొమ్ముకు రసీదులు, లెక్కలు ఉండాలన్న కమిటీ పట్టుదల సబబే. కానీ కూలివాడు సహోదరుడైనా, పరదేశియైనా పొద్దు గుంకకముందే కూలి ఇవ్వమని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం చెబుతున్నది. ఆ పరదేశులం ఇప్పుడు మనమే. జీతం ఒక్కరోజు ఆలస్యమైతే కంపెనీకి మెయిలు మీద మెయిలు పెట్టే మనం, గుంటూరులో దిగగానే ఎందుకంత నిదానస్తులమవుతున్నామో నాకు అర్థం కాదు.

ఆమె సోమవారం వచ్చింది, ట్రెజరర్ గారు హైదరాబాదు వెళ్ళారు. బుధవారం ఆమె కొడుకు ఫోనుకు డబ్బు పంపాను. రెండు రోజుల ఆటో ఖర్చు కలపాలని నాకు ఆ తరువాత గుర్తొచ్చింది.

ఈసారి బడ్జెట్‌లో కేకు, శాలువాలకంటె పైన గిన్నెలు తోమేవారి కూలి, రాత్రి ఆటో చార్జీ రాయమని కమిటీ పెద్దలను వేడుకుంటున్నాను. ముగింపు ప్రార్థనకు ముందే ఆ కవర్లు చేతికిచ్చే పని నాకు అప్పగించండి.