ఐపీ గారూ, రూపాయికి ఎనిమిదణాలు ఎక్కడ తెమ్మంటారు?

మహారాజశ్రీ ఐపీ గారికి,

మీ అసలు పేరు ఇన్‌సాల్వెన్సీ పిటిషన్, అంటే అప్పులు తీర్చలేను, దివాలా తీశానని కోర్టులో వేసే అర్జీ అని మా ఊళ్లల్లో ఎవరికీ పట్టదు. "ఫలానావాడు ఐపీ పెట్టాడట" అంటే చాలు, రాత్రికి రాత్రి షట్టరు దించడం, బెంగళూరులో మేడ కట్టడం లాంటి మిగతా కథంతా విన్నవాళ్లే అల్లుకుంటారు. 1920 నాటి చట్టం బిడ్డ మీరు. 2016లో కొత్త దివాలా కోడ్ వచ్చినప్పుడు మీకు పింఛనిచ్చి పంపేశారనుకున్నాం. తీరా చూస్తే అందులో మనుషుల అప్పుల భాగం 2019 డిసెంబరు 1న కంపెనీ బాకీలకు హామీ ఉన్నవాళ్ల మటుకే అమల్లోకి వచ్చింది. కిరాణా కొట్టాయనకీ, పత్తి రైతుకీ ఇంకా మీరే దిక్కు.

మీ రేట్లు మహా ముచ్చటగా ఉంటాయి. 500 రూపాయల బాకీ ఉంటే చాలు, మీ గడప ఎక్కొచ్చు. ఎక్కి ఇన్‌సాల్వెంటు అనిపించుకున్నాక ఆ సంగతి చెప్పకుండా 50 రూపాయలు అప్పు చేస్తే ఆరు నెలల దాకా జైలు! హోటల్లో దోసె తిని ఖాతా రాయమనే ముందు "అయ్యా, నేను దివాలా తీసినవాణ్ని" అని విన్నవించుకోవాలన్నమాట. అల్లంపచ్చడి వడ్డించకముందా, వడ్డించాకా?

మీ దగ్గరికి బయల్దేరేవాడు మొదట చేసే పని ఫోను కట్టేసి, ఇంటికి తాళం వేసి అత్తారింటికి పోవడం. అప్పులవాళ్లకు దొరక్కూడదని ఇల్లు వదలడమే మీ 6వ సెక్షను ప్రకారం దివాలా చర్య. దాన్ని పట్టుకుని మూడు నెలల్లోపు వాళ్లే కోర్టుకెక్కొచ్చు. అంతకన్నా ఫోనెత్తడం నయం. బ్యాంకు తరఫున వసూలుకి ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోను చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది. ఎవరు, ఏ సంస్థ తరఫున, ఎన్ని గంటలకు చేశారో నోటుబుక్కులో రాసుకుని, "లెక్క కాగితం మీద పంపండి" అని పెట్టేస్తే సరి. బూతులు తిట్టినా, చుట్టాలకు ఫోన్లు చేసినా ముందు బ్యాంకుకే రాతలో ఫిర్యాదు. 30 రోజుల్లో తేలకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి. నూటికి మూడు రూపాయల వడ్డీ మనిషికి ఈ గంటల లెక్కలేవీ ఉండవు. ఆయన బెదిరిస్తే పోలీస్ స్టేషనే.

ఆ వడ్డీ మనిషే "ఓ వెయ్యి ఇవ్వరా, నోటు వెనక జమ వేసి సంతకం పెట్టు చాలు" అంటాడు. వెయ్యికి కక్కుర్తిపడి కాదు. మూడేళ్ల గడువు ముగియబోతున్న ప్రోనోటుకు ఆ సంతకంతో మరో మూడేళ్లు ఆయుష్షు వస్తుంది. ఖాళీ చెక్కు అడిగితే మరీ ప్రమాదం. చెక్కు బౌన్సయితే అది క్రిమినల్ కేసు, దాన్ని మీరు కూడా ఆపలేరు.

ఇక మావాళ్ల తెలివి. పిటిషనుకు ముందు ఇల్లు భార్య పేర గిఫ్టు రిజిస్ట్రేషను చేయిస్తారు. మీరు రెండేళ్లు వెనక్కి తవ్వుతారు, దివాలా ఆస్తిని చూసుకోమని కోర్టు పెట్టే రిసీవరు దాన్ని కొట్టేయించొచ్చు. అందరినీ ఎగ్గొట్టి బావమరిది బాకీ ఒక్కటీ తీరిస్తే, అది మూడు నెలల లోపలిదైతే అదీ చెల్లదు. ఇంత శ్రమపడి దాచేది దాచి, మీరెటూ ముట్టుకోని వంటపాత్రలనీ, పక్కబట్టలనీ, మంగళసూత్రాన్నీ తలుచుకుని ఏడుస్తారు.

మీరడిగేది నిజానికి ఒక జాబితా. ఎవరికి, ఎంత అసలు, ఎంత వడ్డీ, ఏ కాగితం మీద, వాళ్ల చిరునామా ఏమిటి. ఉన్న ఆస్తి ఎక్కడ, విలువెంత. డోరు నంబరు తప్పితే నోటీసు తిరిగొస్తుంది, కేసు వాయిదాల మీద వాయిదాలు పడుతుంది. పరువు కోసం తోడల్లుడి పేరు వదిలేస్తే ఏదో ఒక వాయిదాకి ఆయనే ప్రోనోటు పట్టుకుని ప్రత్యక్షమవుతాడు. తర్వాత జడ్జిగారు మన మిగతా లెక్కల్ని ఏ కళ్లతో చూస్తారో వేరే చెప్పాలా?

పిటిషను పడ్డ సాయంత్రమే ఫోన్లు ఆగిపోతాయనుకోవడం మరో భ్రమ. ఇన్‌సాల్వెంటుగా ప్రకటించాకే కోర్టు అనుమతి లేకుండా కొత్త దావా వేయకూడదన్న కట్టడి. బంగారం తాకట్టు పెట్టుకున్నవాడికీ, ఇంటి పత్రాలున్న బ్యాంకుకూ అదీ వర్తించదు.

చివరికి అప్పుల నుంచి విముక్తి అడిగితే, తాకట్టు లేని అప్పుల్లో రూపాయికి అర్ధరూపాయైనా ఆస్తి ఉందా అంటారు. లేకపోతే అది నా తప్పు కాదని రుజువు చేసుకోమంటారు. ఎనిమిదణాలుంటే మీ దాకా ఎందుకొస్తామండీ?

ఇట్లు,
మీ వరండాలో వాయిదాకు నిలబడ్డవాళ్లు

తా.క.: హామీ సంతకం చేసిన మేనమామకు మీ విముక్తి వర్తించదట. అప్పులవాళ్లు ఇప్పుడు ఆయన ఇంటికే బయల్దేరారు. ఆయనకింకా ఎవరూ చెప్పలేదు.