నా కోపం తెల్లగా ఉంటుంది, ఎవరికైనా అభ్యంతరమా?

ఇప్పుడే ఇంటికొచ్చాను. గోళ్లలో రంగు వదల్లేదు, కడుపులో మంట అసలే వదల్లేదు. పొడుగు పోస్టు ఇది, ఓపిక లేనివాళ్లు రీల్స్ చూసుకోండి.

"మీ ఎమోషన్స్‌ని కాన్వాస్ మీద పరచండి. ఆబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్, మొదటిసారి బ్రష్ పట్టేవాళ్లకి ప్రత్యేకం" అంటే మాదాపూర్‌లో ఒక కేఫ్ మేడ మీద వర్క్‌షాప్‌కి వెళ్లాను. (ఆబ్‌స్ట్రాక్ట్ అంటే చెట్టూ మనిషీ అని పోల్చుకునేలా కాకుండా, ఉత్త రంగులూ గీతలతో వేసేది.) 1,800 రూపాయలు. కాఫీ ఫ్రీ అట. (ఆ డబ్బుకి కాఫీ తోటలో ఒక సాలు రాసివ్వాలి, సరే పోనీండి.) కూర్చోగానే తలా ఒక ప్రింటవుట్ పంచారు. ఎరుపు కోపం, నీలం బాధ, పసుపు సంతోషం, ఆకుపచ్చ ప్రశాంతత, నలుపు భయం. ఎల్‌కేజీ గోడకి అంటించే చార్టే, కాకపోతే మందం కాగితం మీద.

మనసులో ఏది ఎక్కువగా ఉంటే అది వేయమన్నారు. కోపం వేద్దామనుకున్నా. నాకు తెలిసిన కోపం మా నాన్నమ్మది. ఆవిడ గిన్నెలు విసిరే మనిషి కాదు. మాట మానేసేది, అంతే. అన్నం పెట్టేది, పప్పు వేసేది, నెయ్యి కూడా వేసేది, నోరు మాత్రం విప్పేది కాదు. తాతయ్య "ఏమే, ఉప్పు" అంటే ఉప్పు వచ్చేది, మాట వచ్చేది కాదు. వారం గడిచేసరికి ఇంట్లో గోడలు కూడా దగ్గరికి జరిగినట్టుండేవి. దాన్ని ఎరుపులో ఎలా వేస్తారండీ? నేను తెలుపు మీద తెలుపు, అక్కడక్కడా కొంచెం బూడిద రంగు వేసి, పాలెట్ నైఫ్‌తో (రంగు పూసే మొండి కత్తి లెండి) గీరుకుంటూ పోతున్నా. బాగా వస్తోంది కూడా.

నేర్పించే మేడమ్ వచ్చారు. "కోపం అన్నారు కదా డియర్, రెడ్ ఎక్కడా?" అన్నారు. నేను నోరు తెరిచేలోపు తన బ్రష్ ఎరుపులో ముంచి నా కాన్వాస్ మీద ఈ మూల నుంచి ఆ మూలకి ఒక్క లాగు లాగారు! అడగలేదు. నా కాన్వాస్, నా నాన్నమ్మ, ఆవిడ చెయ్యి. "ఇప్పుడు చూడండి, ఎనర్జీ వచ్చింది." తడి తెలుపు మీద ఎరుపు పడితే ఎనర్జీ రాదమ్మా, గులాబీ రంగు వస్తుంది. మా నాన్నమ్మ కోపం కాస్తా బర్త్‌డే కేకులా తయారైంది.

అసలు ఎరుపు అంటే కోపం అని మనకి ఎవరు చెప్పారు? పండగ పూట గడపకి పసుపు రాసి కుంకుమ బొట్లు పెడతాం. అంటే ఏమిటి, గుమ్మం సంతోషంగా ఉంది కానీ మధ్యమధ్యలో దానికి కోపం వస్తోందనా? తెలుపేమో శాంతి అట. భర్త పోయినావిడ చేత బలవంతంగా తెల్లచీర కట్టించిన ఊళ్లలో పుట్టి, తెలుపు శాంతి అని మనం మాదాపూర్‌లో నేర్చుకోవాలి.

"కాండిన్‌స్కీ కూడా రంగులకి అర్థాలు చెప్పాడు" అని ఎవరో కామెంట్ పెడతారు, నాకు తెలుసు. పెట్టండి. ఆబ్‌స్ట్రాక్ట్‌కి దారి వేసిన రష్యన్ చిత్రకారుడు, నిజమే, చెప్పాడు. పసుపులో ఆయనకి బాకా మోత వినిపించింది. అది ఆయన చెవి, ఆయన లెక్క. దాన్ని జిరాక్స్ తీసి జనానికి పంచమని కాదు. పైగా ఆయన తెలుపుని ఏమన్నాడో తెలుసా? నిశ్శబ్దం అన్నాడు, ఇంకా ఏదో పుట్టబోయే నిశ్శబ్దం. మా నాన్నమ్మని చూసినట్టే చెప్పాడు మహానుభావుడు!

రోత్కో అని అమెరికా చిత్రకారుడి సంగతి చూడండి. న్యూయార్క్‌లో డబ్బున్నవాళ్ల రెస్టారెంట్ కోసం 1958లో పని ఒప్పుకుని, ముదురు ఎరుపులు, మెరూన్లు, నలుపులు పెద్ద పెద్దవి వేసి, చివరికి అక్కడ పెట్టనని డబ్బు వెనక్కిచ్చేశాడు. వాటిలో కొన్ని ఇప్పుడు లండన్‌లో టేట్ మ్యూజియం దగ్గర ఉన్నాయి. ఆ ఎరుపులో ఉన్నది కోపమా, దుఃఖమా, మూసేసిన గదిలో ఉక్కపోతా? చార్టులో వెతకండి. హ్యూస్టన్‌లో ఆయన పేరు మీద చాపెల్, అంటే ప్రార్థన మందిరం, ఉంది, 1971లో తెరిచారు, అప్పటికి ఏడాది క్రితమే ఆయన పోయాడు. లోపల 14 కాన్వాసులు, దాదాపు నలుపే. టికెట్ కూడా లేదు. మా చుట్టాలు ఆ ఊళ్లో ఇంతమంది ఉన్నారు, అక్కడి మీనాక్షి గుడి ఫొటోలు, నాసా ఫొటోలు, కాస్ట్‌కోలో కొన్న మామిడిపళ్ల ఫొటోలు అన్నీ పంపుతారు. ఇది ఒక్కళ్లూ పంపలేదు. "ఖాళీగా ఉంది, ఏం చూస్తాం" అట.

ఇంతకీ మొదటిసారి బ్రష్ పట్టేవాళ్లకి చెప్పాల్సినవి ఒక్కటీ చెప్పలేదు. యాక్రిలిక్ రంగు ఆరాక ఒక ఛాయ ముదురుతుందని చెప్పలేదు. ఎదురుబొదురు రంగులు, అంటే ఎరుపు, ఆకుపచ్చ లాంటివి, తడిగా ఉండగా కలిపేస్తే బురద తప్ప ఏమీ రాదని చెప్పలేదు. అందుకే పక్కనున్న అబ్బాయి "సంతోషం" మధ్యాహ్నానికల్లా గోదావరి వరద నీళ్ల రంగుకి వచ్చింది. రెండు రంగులు, తెలుపు, ఒక వెడల్పాటి బ్రష్ ఇచ్చి, ముందు పాత న్యూస్‌పేపర్ల మీద ఉత్త గీతలు గీయించండి. విసుగుతో ఒక గీత, నిద్రమత్తులో ఒక గీత, ఆఫీసులో మేనేజర్ పేరు తలుచుకుని ఒక గీత. రంగు లేకుండానే తేడా తెలిసిపోతుంది. చెయ్యి ఎంత నొక్కింది, ఎంత వేగంగా పోయింది, ఎక్కడ తడబడింది, ఎమోషన్ ఉండేది అక్కడే. దీనికి చార్టెందుకు?

చార్టు మన రక్తంలో ఉంది లెండి. మాది కోనసీమ. 1996 నవంబర్ తుఫాను చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. బడి మళ్లీ తెరిచాక డ్రాయింగ్ మాస్టారు సీనరీ వేయమన్నారు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, గుడిసె, కొబ్బరిచెట్టు, ఏరు, రెండు పక్షులు. మా ఊళ్లో కొండలు ఎక్కడున్నాయండీ, చూద్దామంటే రాజమండ్రి దాటాలి! నేను తలలు తెగిన కొబ్బరి మొండేలు వేశాను. పసుపూ ఊదా కలిసిన ఆకాశం వేశాను, ఆ సాయంత్రం అది అలాగే ఉంది మరి. మాస్టారు పేజీ అడ్డంగా కొట్టేసి "చెట్టుకి ఆకులేవే? ఆకాశం ఈ రంగులో ఉంటుందా?" అన్నారు. ఆయన ఇంటి చెట్లు కూడా పడిపోయాయండీ. కిటికీలోంచి తల బయట పెడితే కనిపిస్తాయి. ఆయనకి మాత్రం సీనరీ కావాలి. నేను మళ్లీ వేశాను, కొండలతో సహా. పదికి ఎనిమిది.

ఆ ఎనిమిది మార్కులు ఇప్పటికీ మండుతున్నాయి. ఆ తర్వాత డ్రాయింగ్ పీరియడ్‌ని లెక్కల మాస్టారు పట్టుకుపోయారు, ఇంటర్‌లో బోటనీ రికార్డు బొమ్మలకి నీట్‌నెస్ మార్కులు వచ్చాయి. ఇన్నేళ్లకి డబ్బిచ్చి మరీ ఇంకొకరి చేత అడ్డంగా కొట్టించుకున్నాను.

ఇక ఫ్యామిలీ గ్రూపులో ఆ గులాబీ కాన్వాస్ ఫొటో చూసి మా బావగారి కామెంట్: "ఇలాంటిది మా చిన్నోడు నిద్రలో కూడా వేస్తాడు." పక్కన నవ్వే బొమ్మలు మూడు. బావగారూ, మీరు ఈ పోస్టు చదువుతారని తెలుసు. గైతోండే అని ఒక ఆబ్‌స్ట్రాక్ట్ చిత్రకారుడు ఉండేవాడు, నాగపూర్‌లో పుట్టాడు, రోలరూ నైఫూ పట్టుకుని ఏడాదికి గట్టిగా అయిదారు కాన్వాసులు వేసేవాడు. మిగతా టైమంతా కూర్చుని చూడ్డమే. చిన్నోణ్ణి అంతసేపు కూర్చోబెట్టగలరా? మన గుడివాడలో పుట్టిన ఎస్.వి. రామారావు గారు ఇదే ఆబ్‌స్ట్రాక్ట్ వేసి లండన్‌లో స్లేడ్ ఆర్ట్ స్కూల్ దాకా వెళ్లారు, 2001లో పద్మశ్రీ కూడా వచ్చింది. గుడివాడ అనగానే మీకు ఎవరు గుర్తొస్తారో నాకు తెలుసు, వద్దులెండి.

అయినా మీ హాల్లో సోఫా వెనక నీళ్లు చిమ్ముకుంటూ పరిగెత్తే ఏడు తెల్లగుర్రాల బొమ్మ ఉందే, వాస్తు ఆయన చెప్పారని తూర్పు గోడ నుంచి దక్షిణం గోడకి మార్చి మేకు కోసం టైల్ కూడా పగలగొట్టుకున్నారే, దాని గురించి నేను ఈరోజుదాకా ఒక్క మాటన్నానా?