ఇంట్లో చదివే పిల్లలకు బయట ఓ చోటు కావాలి

బడికి పంపకుండా పిల్లల్ని ఇంట్లోనే చదివించుకునే కుటుంబాలు ఒడిశాలోని మన సరిహద్దు ఊళ్లలోనూ ఉన్నాయి. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం, ఎక్కడైనా సంఖ్య చిన్నదే, కారణాలే బోలెడు. ఊరూరా తిప్పే ఉద్యోగం, పిల్లాడి ఆరోగ్యం, తెలుగు నేర్పే బడి దగ్గర్లో లేకపోవడం, కరోనా రోజుల్లో ఇంట్లో మొదలైన చదువు అలాగే కుదిరిపోవడం. వాళ్లు చేసింది తప్పా ఒప్పా అని తేల్చడానికి మేం ఇది రాయడం లేదు. మేం అడిగేది ఒక్కటే. ఆ పిల్లలు వారానికి రెండు పూటలైనా ఆరుబయట, తోటి పిల్లలతో కలిసి, విషయం తెలిసిన పెద్దవాళ్ల దగ్గర నేర్చుకునే ఏర్పాటు ఉండాలి, ఆ భారమంతా కన్నవాళ్ల నెత్తినే వేసి ఊరు పక్కకు తప్పుకోకూడదు.

ఇంట్లో చదువు తొందరగా అయిపోతుంది. ఒకరిద్దరు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని అమ్మ చెబితే, బడిలో రోజంతా సాగే పాఠం రెండు గంటల్లో తెమిలిపోతుంది. ఆ తర్వాత రోజంతా ఏం చేయాలి? చాలా ఇళ్లలో దానికి జవాబు సెల్‌ఫోనే. ఆడపిల్లయితే ఇంకో చిక్కు కూడా ఉంది, ఇంట్లోనే ఉంది కదా అని తమ్ముణ్ని ఎత్తుకోమంటారు, నీళ్లు పట్టమంటారు, అంట్లు తోమమంటారు, ఆర్నెల్లు తిరిగేసరికి చదువు పేరుకే మిగులుతుంది. ఇది మామూలు విషయం కాదు. ఇంటి చదువుకీ చదువు మాన్పించడానికీ మధ్య ఉన్న గీత చాలా సన్నం, నాలుగు గోడల మధ్య అది చెరిగిపోయినా బయటివాళ్లకు తెలియదు. వారానికి రెండుసార్లు పదిమందిలోకి వచ్చే పిల్లను మాత్రం నలుగురు చూస్తారు, రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతారు. ఈ తరగతులు కావాలనడానికి మాకు కనిపించే అన్నిటికంటే పెద్ద కారణం ఇదే.

వీధిలో ఆడుకుంటారు కదండీ, దానికి మళ్లీ తరగతి ఎందుకు అని అడిగేవాళ్లున్నారు. వీధిలో ఎవరున్నారు? పొద్దున పదింటికి పిల్లలంతా బళ్లో ఉంటారు, సాయంత్రం ట్యూషన్‌లో ఉంటారు. మిగిలిన ఆ ఒక్క పిల్లాడు గేటు పట్టుకుని రోడ్డు చూస్తుంటాడు. పైగా బయటి వెలుతురులో రోజూ కాసేపు గడిపే పిల్లలకు హ్రస్వదృష్టి, అంటే దూరంలో ఉన్నవి మసకగా కనిపించే జబ్బు, వచ్చే అవకాశం తగ్గుతుందని కంటి డాక్టర్లు చెబుతూనే ఉన్నారు.

చెట్టు కింద చదువు ఈ నేలకు కొత్తేమీ కాదు. 1909లో ఒడియా నాయకుడు గోపబంధు దాస్ పూరీ జిల్లా సాక్షిగోపాల్ దగ్గర సత్యవాది వన విద్యాలయం మొదలుపెట్టినప్పుడు పొగడ చెట్ల నీడలే తరగతి గదులు. అంతకుముందే మన పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు బడి గోడలు దాటి కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించే పని తలకెత్తుకున్నారు. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేసే తెలుగు సంఘాలు ఆయన చేసిన పనిలో ఈ భాగాన్ని కూడా కొంచెం పట్టించుకుంటే బాగుంటుంది.

ఇంతకీ అలాంటి తరగతిలో ఏం చెబుతారు? పెద్ద సరంజామా అక్కర్లేదు. పర్లాకిమిడి సుమారు 18.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, అంటే కర్కట రేఖకు దక్షిణాన, కాబట్టి సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు, మే మధ్యలో ఒకసారి, జూలై ఆఖరులో ఒకసారి. జూలైలో మబ్బులు చూడనివ్వవు, మేలో చూడొచ్చు. పెరట్లో ఓ కర్ర నిలువుగా పాతి, మధ్యాహ్నం పన్నెండుకు కాస్త ముందు నుంచి నీడ చివర సుద్దముక్కతో గుర్తులు పెట్టమనండి. నీడ కురచబడుతూ కురచబడుతూ కర్ర మొదట్లోకి దూరిపోతుంది. పుస్తకంలో అక్షాంశం అనే మాట పదిసార్లు చదివినా ఎక్కనిది ఆ పది నిమిషాల్లో ఎక్కుతుంది. మండుటెండ కాబట్టి పిల్లలు వరండాలో ఉండి గుర్తు పెట్టడానికి మాత్రం వంతులవారీగా దిగితే చాలు.

ఇంకోరోజు నాలుగు వైపులా మీటరు చొప్పున తాడు పరిచి, ఆ చదరంలో ఏమేం ఉన్నాయో చూడమనండి. పన్నెండేళ్ల పిల్ల తెలుగులో జాబితా రాస్తుంది, ఆరేళ్ల వాడు బొమ్మలు గీస్తాడు, ఆ చీమ నేను ముందు చూశానంటే నేను ముందు చూశానని ఇద్దరూ దెబ్బలాడుకుంటారు. ఆ దెబ్బలాట కూడా కావలసిందే, ఇంట్లో ఒంటరిగా చదివేవాడికి దొరకనిది అదే. పక్కనే మామిడిచెట్టు మీద ఎర్రచీమల గూడు ఉంటే ఇంకా మంచిది. కొన్ని చీమలు వరసగా నిలబడి రెండాకుల అంచుల్ని దగ్గరకు లాగి పట్టుకుంటాయి, మిగతావి తమ పిల్లపురుగుల్ని నోట కరుచుకొచ్చి, అవి వదిలే పట్టుదారంతో ఆ అంచుల్ని అతికిస్తాయి. దూరంగా నిలబడి చూడాలి సుమా, కుడితే మంట అంతా ఇంతా కాదు.

చరిత్ర కావాలా? నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు నడిచింది, 1931 నాటికి అది గుణుపురం చేరింది. ఆ పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు, ఇప్పటి బ్రాడ్‌గేజ్‌కి అయిదున్నర. రైలు పట్టాల దగ్గరికి వెళ్లనక్కర్లేదు, మైదానంలో సుద్దతో రెండు కొలతలూ గీసి మధ్యలో పిల్లల్ని నిలబెట్టండి, మిగతా ప్రశ్నలు వాళ్లే వేస్తారు. ఆ బండి ఎక్కిన తాతగారు ఎవరైనా పక్కనుంటే ఆ పూటకి మాస్టారు ఆయనే.

పర్లాకిమిడిలో కొమ్ముతో కొంగలూ దువ్వెనలూ చెక్కే పనివాళ్లున్నారు. సంతకి అడ్డాకులు, ఇప్పపూలు తెచ్చే సవర, కోంధు అమ్మలకు తెలిసినంత అడవి మన పాఠ్యపుస్తకాలకు తెలియదు. బరంపురం వైపు సముద్రం ఒడ్డున తెలుగు మాట్లాడే జాలరి కుటుంబాలున్నాయి, ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేల సంఖ్యలో ఒడ్డెక్కి గుడ్లు పెట్టడం వాళ్లు చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఒక్కో తల్లి వందకు పైగా గుడ్లు పెడుతుందనీ, నెలన్నర దాటాక పిల్లలొస్తాయనీ, ఇసుక వేడెక్కితే ఆడవి ఎక్కువ పుడతాయనీ, రాత్రిపూట టార్చి వేస్తే పిల్లలు సముద్రం అనుకుని వెలుతురు వైపు నడుస్తాయనీ అక్కడే నిలబడి తెలుగులో చెప్పగలిగే మనిషి మనకు ఉండగా ఆయన్ని ఎవరూ పిలవకపోవడం అన్యాయం. అటవీ శాఖ అనుమతి తీసుకుని, వాళ్ల సిబ్బంది వెంట, వాళ్లు చెప్పినంత దూరంలోనే ఉండి చూడాలి. ఇలా వచ్చి చెప్పేవాళ్లకు ఆ పూట కూలి డబ్బు ఇచ్చి తీరాలి కూడా. శాలువా కప్పి పంపించేస్తే వాళ్ల ఇల్లు గడవదు.

ఈ తరగతులు తెలుగు పిల్లలకే అని గిరి గీసుకోవద్దు. తెలుగు నిలవాలనే పట్టుదలతోనే పిల్లల్ని ఇంట్లో చదివించే తల్లిదండ్రుల బాధ మాకు తెలుసు, వాళ్ల పక్షానే ఉన్నాం. కానీ ఇక్కడ బతకబోయే పిల్లకు ఒడియా రావాలి, ఆటలో సవర మాట నాలుగు చెవిన పడాలి. ఏడుపెంకులాట ఆడేటప్పుడు ఎవరి పెంకు ఎవరు కొట్టారో మూడు భాషల్లో వాదించుకోనివ్వండి. బడికి వెళ్లే పిల్లల్ని కూడా ఆదివారం పూట రానివ్వండి. జాతీయ విద్యా విధానం 2020 ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు పుస్తకాల సంచి లేని పది రోజులు ఉండాలని, ఆ రోజుల్లో స్థానిక వృత్తుల వాళ్ల దగ్గర నేర్చుకోవాలని చెబుతోంది కాబట్టి బళ్లకూ ఇది పనికొచ్చేదే.

జాగ్రత్తల విషయంలో మొహమాటం పనికిరాదు. పదిమంది పిల్లలకు ఇద్దరు పెద్దవాళ్లు, అందులో ఒకరు ఆడమనిషి, తప్పనిసరి. మార్చి నుంచి జూన్ దాకా, వరండాలో ఉండి చూసే ఆ నీడ పాఠం ఒక్కటి తప్ప, అన్నీ పొద్దున తొమ్మిదింటికల్లా ముగించాలి. ఉరుము వినబడిందా, చెట్టు కింద ఎవరూ ఉండకూడదు, పక్కా కప్పు కిందికి వెళ్లిపోవాలి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు, పిడుగులతో ప్రాణాలు పోయే రాష్ట్రం మనది. పైన కొండల్లో వాన పడితే వంశధార, నాగావళి ఇక్కడ ఎండ కాస్తున్నా పొంగుతాయి, అందుకే వానాకాలం ఏటి ఒడ్డు పాఠాలు వద్దు. పాము కరిస్తే కట్లు కట్టడం, కోయడం, మంత్రం వేయించడం లేదు, పిల్లాణ్ని కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి చేర్చడమే. మన కొండ జిల్లాల్లో మలేరియా ఉంది కాబట్టి నిండు చేతుల చొక్కాలు వేయండి.

చట్టం గురించి టెన్షన్ పడే తల్లిదండ్రులకు ఓ మాట. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని దగ్గరి బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని విద్యాహక్కు చట్టం అంటుంది, అయితే చేర్చని తల్లిదండ్రులకు అందులో శిక్ష ఏదీ లేదు. సర్టిఫికెట్ కోసం జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ఉంది, 14 ఏళ్లు నిండితే పదో తరగతి అయిదు సబ్జెక్టులతో రాయొచ్చు, తెలుగులోనూ రాయొచ్చు. చదువు పేరు చెప్పి పిల్లాణ్ని దుకాణంలో కూర్చోబెట్టేవాళ్లకు మాత్రం ఈ మాట వర్తించదు, అది బాలకార్మికం కిందికే వస్తుంది.

ఇక కావలసింది చోటు. మున్సిపల్ పార్కుల గేట్లు వారానికి రెండు రోజులు పొద్దున ఆరింటికే తీయాలి, మరుగుదొడ్డి తాళం, తాగే నీళ్లు అందుబాటులో ఉంచాలి. ఇంతకంటే పెద్ద ఖర్చు మేం అడగడం లేదు. తెలుగు సంఘాల హాళ్ల పక్కన ఖాళీగా పడి ఉన్న జాగాలు పెళ్లిళ్ల సీజన్‌లో తప్ప దేనికీ పనికిరావడం లేదు, అవి ఇవ్వొచ్చు. రిటైరైన మాస్టార్లు, టీచరమ్మలు నెలకు ఒక్క పూట కేటాయించినా తొమ్మిదిమంది కలిస్తే సంవత్సరం గడిచిపోతుంది. పెద్ద నగరాల్లోలా ఇది ఫీజుల వ్యాపారంగా మారకూడదన్నది మా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ఫీజు పెట్టిన మరునాడు మానేసే మొదటి పిల్ల ఎవరో మనందరికీ తెలుసు.

మీ ఊళ్లో ఎవరైనా ఇలా మొదలుపెడితే చోటు, వేళ, వచ్చే వారం చెప్పబోయే విషయం రాసి మా కార్యాలయానికి పంపండి. జిల్లా పేజీలో ప్రతి శనివారం డబ్బు తీసుకోకుండా వేస్తాం. ఒడియాలో రాసి పంపినా తెలుగు చేసి వేస్తాం.