మునిగిన వెండికే మార్కెట్

మన దగ్గర డబ్బు మునిగిందంటే చీటీలు నడిపినాయన రాత్రికి రాత్రి ఊరు దాటాడని అర్థం. ఆ డబ్బుకు ఎవరూ ఫ్రేము కట్టించరు. అమెరికాలో పాత స్పెయిన్ వెండి నాణేలు కొనేవాళ్ల లెక్క వేరు. వాళ్లకు డబ్బు మునిగి ఉంటేనే గౌరవం.

1622 సెప్టెంబరు 6న అమెరికాలోని ఫ్లోరిడా కీస్ దీవుల దగ్గర తుపానులో అటోచా అనే స్పెయిన్ ఓడ మునిగింది. అందులో ఉన్న 265 మందిలో బతికింది ఐదుగురే. వెండి అంతా అడుక్కి చేరింది. దానికోసం మెల్ ఫిషర్ అనే ఆయన 16 ఏళ్లు వెతికాడు. రోజూ "ఈరోజే ఆ రోజు" అనేవాడు. అప్పు తీరుస్తానని మా బాబాయి కూడా సరిగ్గా ఇదే మాట అంటాడు. కాకపోతే ఫిషర్‌కు 1985 జూలై 20న ఆ రోజు నిజంగానే వచ్చింది.

ఇంతకీ సరుకు ఏమిటంటే, ఎక్కువగా 8 రెయాల్ నాణేలు. రెయాల్ అంటే అప్పటి స్పెయిన్ డబ్బు. ఒక్కోటి సుమారు 27 గ్రాములు. ఇప్పటి బొలీవియాలోని పొటోసీ టంకశాలలో వెండి కడ్డీని ముక్కలు కోసి, తూకం సరిపోయేదాకా అంచులు కత్తిరించి, సుత్తితో ముద్ర కొట్టేవారు. గుండ్రంగా రావాలన్న పట్టింపు ఎవరికీ లేదు. చూస్తే పిల్లాడు కొరికి వదిలేసిన అప్పడంలా ఉంటుంది. దాన్ని మూడున్నర శతాబ్దాలు ఉప్పునీళ్లు తిన్నాయి. ఎంత తిన్నాయో చూసి ఒకటి నుంచి నాలుగు దాకా గ్రేడు ఇచ్చి, ఆ ఓడలోదేనని ఒక సర్టిఫికెట్ జతచేస్తారు. నాలుగో గ్రేడంటే, ఇది నాణెమేనని పక్కనున్న సర్టిఫికెట్ ప్రమాణం చేసి చెప్పాలన్నమాట. నాణెం పోతే బాధ, సర్టిఫికెట్ పోతే టెన్షన్. అదే టంకశాలలో పుట్టి, ఒడ్డునే హాయిగా బతికిన నాణెం ఇంతకన్నా చక్కగా ఉన్నా, చాలాసార్లు తక్కువకే పోతుంది.

మా అమ్మమ్మ ఇచ్చిన రెండు విక్టోరియా రూపాయల్ని కొట్లో చూపిస్తే తూకం ధర చెప్పాడు. తప్పు మాదే. అరవై ఏళ్లు బియ్యం డబ్బాలో క్షేమంగా ఉంచాం.

1804లో ఇంగ్లీషువాళ్లతో పోరులో పేలి మునిగిన మెర్సెడెస్ అనే స్పెయిన్ ఓడ నుంచి 2007లో ఒక అమెరికన్ కంపెనీ దాదాపు 6 లక్షల నాణేలు పైకి తీసింది. ఓడ మాదంటూ స్పెయిన్ కోర్టుకెళ్లి, 2012లో అన్నీ విమానాల్లో తీసుకుపోయింది. వెండి మా నేలదంటూ పెరూ కూడా వెళ్లింది. కోర్టు వినలేదు. వెండి తవ్వినందుకు వాళ్ల దగ్గర సర్టిఫికెట్ లేదు కాబోలు.